పెన్నేరుగడ్డ పాలు

గ్లాసు చంద్ర చేతిలో నిలవలేదు. నీళ్లు సగం చొక్కా మీద, సగం గడప మీద పడ్డాయి. మహాదేవి గ్లాసు తీసుకుని మళ్లీ నింపి, ఈసారి తనే పట్టుకుని తాగించింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పొద్దున ఇంత తిని పడుకుంటే మధ్యాహ్నం దాకా ఒళ్లు తెలియకూడదు. చంద్ర పడుకుంటాడు, కళ్లు మూస్తాడు, అంతలోనే ఎవరో భుజం పట్టి కుదిపినట్టు లేచి కూర్చుంటాడు. భూపేష్ పోయినప్పటి నుంచీ ఇదే వరస.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట ఇద్దరిదీ ఒకే బెల్టు. నిండిన బస్తాలు దాని మీద లారీ దాకా పోతాయి. వంకరగా వచ్చే బస్తాను తట్టి సరిచేసి వదలడం భూపేష్ పని, లారీలో పేర్చడం చంద్ర పని. బెల్టు పొడుగునా పక్కనే ఒక తాడు ఉంటుంది. ఎవరికైనా ఏమైనా అయితే దాన్ని లాగాలి, బెల్టు ఆగిపోవాలి. ఆ తాడు తెగిపోయి చాలాకాలమైంది. బాగుచేయాలంటే లోడింగు ఒక పూట ఆపాలి కాబట్టి, తెగిన కొసలను ముడేసి, చూసేవాళ్లకు తాడు ఉన్నట్టు కనపడేలా కట్టిపెట్టారు. భూపేష్ చొక్కా చెయ్యి రోలరులో పడిన రోజు చంద్ర ఆ తాడు లాగితే అది ఊరికే చేతికి వచ్చేసింది.

ఈ సంగతి చంద్ర ఆరోజే పెరట్లో సిమెంటు కొట్టుకుపోయిన బట్టలతో కూలబడి మహాదేవికి చెప్పాడు. కాంట్రాక్టరు బొజ్జన్న మాత్రం మరో కథ చెప్తున్నాడు. భూపేష్‌కు ఆరోజు డ్యూటీయే లేదట. తాగి లోపలికి వచ్చి బెల్టు పక్కన పడుకున్నాడట. భూపేష్ సారా వాసన కూడా ఓర్చుకోలేని మనిషి. చచ్చిపోయినవాణ్ణి తాగుబోతును చేయడానికి ఆ బొజ్జన్నకు నోరెట్లా వచ్చిందో అతనికే తెలియాలి. సోమవారం అధికారి వచ్చి విచారణ చేస్తాడు. కళ్లారా చూసినవాడు చంద్ర ఒక్కడే. భూపేష్ భార్య సుప్రజ ఆశంతా ఈ మనిషి నోటి మీద ఉంది, ఈ మనిషేమో గ్లాసెడు నీళ్లు ఒలకకుండా తాగలేకపోతున్నాడు.

"ఇట్లయితే ఆఫీసరు ముందర ఏం మాట్లాడతాడమ్మా? నిలబడేకి కూడా చాతకాదు," అని మహాదేవి తల్లికి ఫోను చేసింది.

కర్నూలు పడమటి పక్క పల్లెలో తల్లి గిడ్డమ్మ వాళ్లది పెన్నేరుగడ్డ పండించే చేను. మందుల కంపెనీలు అశ్వగంధ అని పేరుపెట్టి డబ్బాల్లో అమ్మేది దీన్నే. "తమ్ముని చేత గడ్డ పంపిస్తా. దుడ్లకు అమ్మేది కాదులే, ఇంటికని తీసిపెట్టింది. పాలల్లో ఉడకబెట్టకుండా ఇయ్యొద్దు, కడుపులో మంట చేస్తాది," అంది గిడ్డమ్మ.

మరుసటి రోజు మధ్యాహ్నం బస్సుకు సంచి వచ్చింది. మూతి విప్పగానే గుర్రపుశాల వాసన గుప్పుమంది. ఆ వాసనకు పక్కింటివాళ్లు ముక్కు మూసుకున్నారు గానీ మహాదేవికి ప్రాణం లేచొచ్చింది. వాసన ఎంత ఘాటుగా ఉంటే గడ్డకు అంత బలమని వాళ్ల ఊళ్లో లెక్క. వేలెడు పొడుగున కోసిన గడ్డ ముక్కలను ఒక్కొక్కటే తీసి విరిచి చూసింది. టప్పున విరిగి లోపల తెల్లగా పిండిలా ఉన్నది పక్కన పెట్టింది, నారలాగా సాగినది పారేసింది. పాలూ నీళ్లూ కలిపి సన్నటి సెగ మీద పెట్టి, పొంగకుండా గరిటె అడ్డంగా వేసి, గడ్డ మెత్తబడేదాకా పక్కనే కూర్చుంది. తీసి కడిగి నీడలో ఆరబోసింది. గలగలమనేలా ఎండాక రోట్లో పోసి దంచింది. దంచుతుంటే లేచే పొడికి తుమ్ములు ఆగలేదు. పాత చీరముక్కలో జల్లిస్తే మిగిలిన పిప్పిని మళ్లీ దంచింది. చెయ్యి బొబ్బలెక్కింది. ఎక్కితే ఎక్కనీ అనుకుంది. మొగుడు నిద్రపోవాలి, లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఆమెకు కావలసింది అంతే.

అర చెంచా పొడి వేడిపాలలో వేసి బెల్లం కలిపి ఇస్తే చంద్ర మొహం చిట్లించి తాగాడు. 

"గుర్రాన్ని పిండినట్టుండాది," అన్నాడు. భూపేష్ పోయాక అతని నోట వచ్చిన మొదటి ఎగతాళి మాట అది. ఆ మాటకే మహాదేవికి సగం రోగం కుదిరినట్టనిపించింది.

మూడో రోజు పొద్దున షిఫ్టు నుంచి వచ్చిన చంద్ర కాళ్లు కడుక్కుని, అన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాడు. పళ్లెం తనే కడిగి బోర్లించాడు. పాలు తాగి పడుకున్నాడు. గోడ అవతల గూడ్సు బండి పెద్దగా కూత వేస్తూ పోయినా కదల్లేదు. మహాదేవి గడపలో కూర్చుని గురక విన్నది. మొగుడి గురక ఇంత ముద్దుగా ఉంటుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు. నడుమ ఒకసారి లేచి వెళ్లి దగ్గర వంగి చూసింది. దుప్పటి మీద పడున్న చేతులు పసిబిడ్డ చేతుల్లా వదులుగా ఉన్నాయి. మా చేని గడ్డ అంటే ఏమనుకున్నారు అని ఎవరితోనైనా అనాలనిపించింది.

అనడానికి ఆమెకు దొరికింది సుప్రజ.

సుప్రజ ఇల్లు అదే వరసలో చివరిది. నాలుగేళ్ల కొడుకు పక్కింట్లో ఆడుకుంటున్నాడు. ఆమె వాకిట్లో బియ్యం చాట ముందు పెట్టుకుని ఉంది గానీ చేతులు చాటలో లేవు. మహాదేవి పక్కన కూర్చుని కొంగులోంచి పొట్లం తీసింది.

"ఆయనకు నిద్ర పట్టింది సుప్రజా. చెయ్యి వణుకు కూడా పోయింది. సోమవారం గట్టిగా చెప్తాడులే, నువ్వు దిగులు పెట్టుకోవద్దు. నీకూ కొంచెం తెచ్చినా. పాలల్లో ఏసుకోని తాగు."

సుప్రజ పొట్లం వంక చూసింది. "ఇది తాగితే ఏమైతాదక్కా?"

"గుండె దడ తగ్గుతాది. పండుకుంటే నిద్ర వస్తాది."

"ఆయప్పను తాగుబోతంటే అప్పుడు కూడా దడ రాదా?"

మహాదేవి పొట్లాన్ని చాట పక్కకు జరిపింది. "అట్ల కాదులే..." అంది.

"నాకు వద్దులేక్కా. దడ ఉండనీ," అని సుప్రజ పొట్లాన్ని ఆమె ఒళ్లోకే తోసింది. తోసిన తీరు కాస్త మొరటుగానే ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి, ఏమన్నా పడాలి అని మహాదేవి సర్దుకుని లేచింది.

శనివారం చంద్రకు రక్తపోటు మాత్రలు అయిపోయాయి. తేవడానికి మహాదేవి ఆసుపత్రికి పోయింది. డాక్టరు ప్రేమజ్యోతి కడప మనిషి, తొందరలో ఉన్నా రోగిని పూర్తిగా మాట్లాడనిస్తుంది. మాత్రలు రాయించుకున్నాక మహాదేవి, "మేడమ్, ఈ మాత్రలతో పెన్నేరుగడ్డ పాలు ఇయ్యొచ్చునా?" అని అడిగి, ఆగలేక అంతా చెప్పేసింది. వణుకు, నిద్రలేమి, తల్లి పంపిన గడ్డ, పాలలో ఉడికించడం, మూడో రోజుకే గుర్రుపెట్టి నిద్రపోవడం.

డాక్టరు కలం పక్కన పెట్టింది. "ఈ మాత్రలతో కలిపితే రక్తపోటు మరీ తగ్గిపోవచ్చు. చూసుకోకుండా ఇవ్వొద్దు. సరే, ఎప్పటి నుంచి ఇస్తున్నావు?"

"ఈ వారంలోనే మేడమ్. శానా బాగా పని చేసింది."

"ఈ గడ్డ అంత తొందరగా పని చేయదమ్మా." మహాదేవి మొహం చూసి ఆమె కొంచెం నవ్వింది. "మీ గడ్డను తక్కువ చేయడం లేదులే. చూడు, మనకు భయం కలిగితే మెదడు కబురంపుతుంది. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి, ఆ కబురు వాటికి చేరుతుంది. అవి ఒక రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. దాంతో ఒళ్లంతా పారిపోవడానికో కొట్లాడడానికో తయారై నిలబడుతుంది. ఆపద పోగానే ఆ కబురు ఆగాలి. కొందరికి ఆగదు. మీ ఆయనకు అదే జరిగింది. ఈ గడ్డ కొన్ని వారాలు వరసగా తీసుకుంటే ఆ రసాయనం కొంచెం తగ్గుతుందని కొన్ని పరీక్షల్లో కనిపించింది. అదీ మెల్లగా, అదీ అందరికీ కాదు. అంత భయపడిన మనిషి మూడు రోజుల్లో చేతులు కూడా వణకకుండా అయ్యాడంటే, అది గడ్డ పని కాదు."

"మరి ఏంది మేడమ్?"

"ఏ భయమైతే పట్టుకుందో ఆ భయం తీరిపోయి ఉండాలి. ఇంట్లో ఏమైనా సమస్య తెగిపోయిందా?"

మహాదేవి లేదన్నట్టు తల ఊపింది. మాత్రల పొట్లం పట్టుకుని బయటికి వచ్చి ఎండలో నిలబడింది. ఏ సమస్య తెగింది? భూపేష్ మట్టిలోనే ఉన్నాడు. తాడు ముడేసినట్టే ఉంది. సోమవారం ఇంకా రానే లేదు. భయపడాల్సినవన్నీ ఎక్కడివక్కడే ఉండగా మనిషికి అంత కమ్మటి నిద్ర ఎక్కణ్నుంచి వచ్చింది? రెండు ఆటోలు పక్కనే ఆగి పిలిచినా ఆమెకు వినపడలేదు. ఇల్లు చేరేదాకా నడిచే పోయింది. తనకు ఎందుకో చెడ్డ కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

చంద్ర అప్పుడే లేచి అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. బ్లేడు దవడ మీద నున్నగా జారుతోంది. పోయిన వారం ఇదే పని చేస్తూ రెండుచోట్ల కోసుకున్నాడు.

"సోమవారం ఏం చెప్తావయ్యా?" అంది మహాదేవి, చెప్పులు విప్పకుండానే.

బ్లేడు ఆగింది. అంతే, చెయ్యి మాత్రం వణకలేదు. 

"ఏం చెప్పల్ల? అడిగింది చెప్తా."

"ఏమని?"

అతను నురగ తుడుచుకుని, టవలు మడతపెట్టి, మంచం మీద కూర్చున్నాడు. దాచే ఉద్దేశం ఉన్నట్టు లేదు. "బొజ్జన్న పిలిపించినాడు మాదేవీ. నన్ను కంపెనీ మనిషిని చేపిస్తానన్యాడు. కాంట్రాక్టు కాదు, పర్మనెంటు. బెల్టు కాడ కాదు, గేటు కాడ. కుర్చీలో కూసోని చేసే పని."

"యాలకు? ఊరికే ఇస్తాడా?"

"యాలకో నీకు తెల్దా? భూపేషుకు ఆ పొద్దు డ్యూటీ ల్యాదని చెప్పల్ల. అంతే. తాడు సంగతి నన్నెవరూ అడగరు."

మహాదేవి గోడకు ఆనుకుంది. "ఎప్పుడు పిలిపించినాడు?"

"నువ్వు గడ్డ దంచుతాంటివే, ఆ పొద్దే."

అతను గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు చెప్పుకొచ్చాడు. "నీ పాలు తాగినా, తాగలేదనను. కానీ నాకు తేలికైంది ఆయన మాట ఇన్యాకనే. సరే అన్నా చూడు, అప్పుడే ఈడ," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు, "ఏందో దిగిపోయినట్టాయ. నేను చెప్తే భూపేషు లేసొస్తాడా? రేపు ఆ బెల్టుకాడ నేనూ పోతే నీకెవరు దిక్కు? నువ్వు చెప్పు."

మహాదేవి చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. అసలు బాధ ఏమంటే, అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పనిపించలేదు. బెల్టు దగ్గర మొగుడు ఉన్నన్నాళ్లూ షిఫ్టు సైరను మోగితే ఆమె గుండె కూడా జారిపోయేది. గేటు దగ్గర కుర్చీ. ఆ మాట చెవిన పడగానే తన లోపల కూడా ఏదో చల్లబడింది. ఆ చల్లదనానికే ఆమెకు తన మీద అసహ్యం వేసింది. చేతులు బొబ్బలెక్కేలా దంచింది దీనికా? మనిషికి బలమొస్తే నిజం చెప్తాడనుకుంది. ఆ వణుకుతున్న రోజుల్లోనే అతని దగ్గర నిజం ఉండేదని అప్పుడు తట్టలేదు.

సాయంత్రం సుప్రజ ఇంటికి పోయింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"ఆయన చెప్పడు సుప్రజా. బొజ్జన్న దిక్కు చేరినాడు. నీకు ముందే తెల్సుండల్లని వచ్చినా."

సుప్రజ పిల్లవాడికి అన్నం పెడుతోంది. ముద్ద చేత్తోనే ఉంచుకుని, "నాకు తెలుసక్కా," అంది.

"ఎట్ల?"

"బొజ్జన్న మనిషి వచ్చి చెప్పిపోయినాడు. మీ సాక్షి మావాడే, గేటు కాడ పని ఇస్తాన్యాం, ఊరికే ఎగరొద్దని. మర్నాడే నువ్వు పొడి తెస్తివి." ఆమె ముద్ద పిల్లవాడి నోట్లో పెట్టి మూతి తుడిచింది. "నన్ను నోరు మూసుకోని పండుకోమని మీ ఆయన పంపినాడనుకుంటి."

మహాదేవికి చెంప మీద కొట్టినట్టయింది. ఆమె చేసినవాటిల్లో నిఖార్సయిన మంచి ఆ పొడి తెచ్చివ్వడం ఒక్కటే అనుకుంది, అది సుప్రజకు ఇట్లా చేరింది. కాదు అని ఒట్లు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకుంటే మాత్రం ఏం లాభం?

"ఆ పొద్దు ఇంటికొచ్చి నాకంతా చెప్పినాడు," అంది చివరికి. "ఆ మాట నేను చెప్తా ఆఫీసరుకు."

"నువ్వు చూసినావా?"

"చూడల్యా. ఇన్నా."

"నీ మొగుడు అబద్ధమాడతాన్యాడని అందరిముందరా చెప్తావా? ఆ గేటు పని పాయనంటే మీకు ఈ బెల్టు పని కూడా ఉండదు."

సుప్రజ మహాదేవి మొహంలోకి చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు, కోపమూ లేదు.

"ఇంటికి పోయి పండుకో అక్కా. నిద్ర పడితే రావద్దు. నేనేమీ అనుకోను. పట్టకపోతే సోమవారం పొద్దున్నే రా."

సోమవారం తెల్లవారేసరికి మహాదేవి ఆ గడప ముందు నిలబడి ఉంది. రెండు రోజులుగా ఆమెకు కన్ను మూతపడలేదు.

విచారణ క్యాంటీను వెనక గదిలో పెట్టారు. ఒక బల్ల, అధికారి, కాగితాలు రాసే గుమాస్తా. ఒక పక్క బొజ్జన్న కాళ్లు చాపి కూర్చున్నాడు, అతని పక్కన ఉతికిన చొక్కాలో చంద్ర. సుప్రజతో కలిసి లోపలికి వచ్చిన మహాదేవిని చూసి చంద్ర కనుబొమలు ముడిపడ్డాయి. సుప్రజకు తోడుగా వచ్చిందని సర్దుకున్నాడు.

అధికారి అడిగాడు, చంద్ర చెప్పాడు. భూపేష్‌కు ఆరోజు డ్యూటీ లేదు. ఎప్పుడొచ్చాడో తెలియదు. వాసన వచ్చింది. తాను లారీలో ఉన్నాడు, చూసేసరికి అంతా అయిపోయింది. ఎక్కడా తడబడలేదు. గొంతు ఎంత నిదానంగా ఉందంటే, తెలియనివాళ్లెవరైనా ఇంతకన్నా నిజం ఉండదనే అనుకుంటారు. సుప్రజ నేల వంక చూస్తూ కూర్చుంది.

"ఇంకెవరైనా చెప్పేది ఉందా?" అన్నాడు అధికారి, కాగితాలు సర్దుకుంటూ.

మహాదేవి లేచింది. ముందరి కుర్చీ వీపు పట్టుకుంది. 

"ఉండాది సార్. భూపేషు డ్యూటీలోనే ఉన్యాడు. ఆపే తాడు తెగిపోయిండాది. ఈయన లాగితే ఊరికే చేతికొచ్చిందంట."

"నువ్వెవరమ్మా?"

"ఈయన పెండ్లాన్ని."

గుమాస్తా రాయడం ఆపి ఆమె వంక చూశాడు. "నువ్వు చూశావా?" అని అధికారి అడిగాడు. చూడలేదని, మొగుడే ఇంటికొచ్చి చెప్పాడని అంది. అధికారి చంద్ర వైపు తిరిగాడు. బొజ్జన్న చాపిన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

చంద్ర లేచి నిలబడ్డాడు. భార్య వంక చూడలేదు. అదే నిదానమైన గొంతుతో అన్నాడు.

"ఆమెకు ఒంట్లో బాగల్యాదు సార్. భూపేషు పోయినప్పటి నుంచి మతి నిలకడగా ల్యాదు. నిద్ర పట్టక నాటుమందు తాగుతాంది. వాళ్లమ్మ గడ్డ పంపించింది, పెన్నేరుగడ్డ. ఇంట్లో ఇప్పుడు కూడా ఉండాది."

అధికారి కలం మూత పెట్టాడు. ఆయన మొహంలోకి జాలి వచ్చింది. "ఔనా తల్లీ?"

ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి తన మీద చెయ్యెత్తలేదని మహాదేవి ఊళ్లో అందరికీ చెప్పుకునేది. చెయ్యెత్తినా ఇంతకన్నా బాగుండేది. బదులు చెప్పడానికి గొంతు వణికింది, ఆ వణుకును ఆపుకోవాలని కూడా ఆమె చూడలేదు.

"ఇంట్లో గడ్డ ఉండేది నిజమే సార్. దంచింది నేనే. తాగింది నేను కాదు, ఈయన. ఆ పొద్దు నుంచి నిద్ర ల్యాక, నీళ్లగ్లాసు కూడా పట్టుకోలేకుంటే నేనే కలిపిచ్చినా. డ్యూటీ లేని మనిషి, యాడో తాగి పడిపోయిన మనిషి చస్తే, ఈయనకు అన్నాళ్లు నిద్ర యాలకు పట్టల్యాదో అడగండి సార్."

అధికారి సర్దిన కాగితాలు మళ్లీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత మెల్లగా చంద్ర వైపు తిరిగాడు. "ఎందుకు పట్టలేదప్పా?"

చంద్ర నోరు తెరిచాడు. ఈ ప్రశ్న వస్తుందని బొజ్జన్న చెప్పి ఉండలేదు. అతను బొజ్జన్న వైపు చూశాడు, బొజ్జన్న కిటికీ వైపు చూశాడు. చంద్ర మెడ మీద చెమట కాలరు లోపలికి దిగింది.

"పిలుస్తాండె సార్," అన్నాడు.

"ఎవరు?"

"కండ్లు మూస్తే పిలుస్తాండె."

మహాదేవికి ఈ సంగతి తెలియదు. అంతా చెప్పాడనుకుంది. ఇది మాత్రం పెరట్లో కూడా చెప్పలేదు.

సుప్రజ తల ఎత్తింది. ఇంత విచారణలోనూ ఆమె మాట్లాడడం అదే మొదలు. "ఏమని పిలిచినాడన్నా?"

చంద్ర ఆమె వంక చూడలేక బల్ల అంచు వంక చూశాడు. "చంద్రన్నా, బెల్టు ఆపన్నా అన్యాడు."

"ఆపినావా?"

"తాడు చేతికొచ్చె సుప్రజా. స్విచ్చు ఆ కొసకుండాది. ఉరికినా. దేవుని తోడు, ఉరికినా." అతను ఇంకేదో అనబోయి బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

అధికారి కలం మూత తీసి, ముందు రాసిన కాగితం పక్కకు నెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు. బొజ్జన్న ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోయాడు. గేటు దగ్గర కుర్చీ ఆ తలుపులోంచి అతనితో పాటే పోయింది, బెల్టు దగ్గరి పనీ పోయింది, రేపటి నుంచి ఈ ఊళ్లో ఎవరూ వీళ్లను పనిలో పెట్టుకోరు. అదంతా మహాదేవికి తెలుసు. సుప్రజ ఏడవలేదు, "ఉరికినాడంట," అని మాత్రం తనలో తాను అనుకున్నట్టు అంది. మహాదేవి పోయి మొగుడి పక్కన నేల మీద కూర్చుంది. అతని చెయ్యి పట్టుకోవాలో వద్దో ఆమెకు ఇంకా తెలియలేదు.